విండోస్ 11కి మారుతున్నారా? డి డ్రైవ్‌లో ఉన్నది బ్యాకప్ కాదు

పోయిన వారం గుంటూరు అరండల్‌పేట నుంచి ఒకాయన సీపీయూని స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని విజయవాడ, నా దగ్గరికి రిపేరుకు తెచ్చాడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే చిన్న డీటీపీ షాపు ఆయనది. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని ఎవరో చెబితే టెన్షన్ పడి, తెలిసిన కుర్రాడిని పిలిచి 11 వేయించుకున్నాడు. కుర్రాడు అడిగాడట కూడా, "బాబాయ్, డేటా ఏమన్నా ఉందా?" అని. "అంతా డి డ్రైవ్‌లో ఉందిలే, నువ్వు కానియ్" అన్నాడట ఈయన.

పాతది 32 బిట్ విండోస్, అంటే ఇప్పటి 64 బిట్ కాకుండా వెనకటి రకం. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు కాబట్టి ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కాదు, మొదటి నుంచి వేయాలి. అలా వేసేటప్పుడు డిస్కు భాగాలు పార్టిషన్ 1, 2, 3 అని కనిపిస్తాయి, సి, డి అన్న అక్షరాలు అక్కడ ఉండవు. కుర్రాడు అన్నీ డిలీట్ కొట్టి, ఒకటిగా చేసి వేసేశాడు. తొమ్మిదేళ్ల పేజ్‌మేకర్ (కార్డులు, పేజీలు కూర్చే ప్రోగ్రామ్) ఫైళ్లు. నేను కొన్ని వెనక్కి తీయగలిగాను, పేర్లు పోయి, అందులోనూ సగం తెరుచుకోకుండా.

అందుకే మిగతావన్నీ చెప్పే ముందు ఇదొక్కటి చెబుతున్నాను. డి డ్రైవ్ బ్యాకప్ కాదు. సి, డి అంటే చాలా కంప్యూటర్లలో రెండు డిస్కులు కావు, ఒకే బీరువాలో రెండు అరలు. పై అరలో నగలు తీసి కింది అరలో పెట్టి భద్రం చేశామనుకుంటే ఎలా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు బురద కారుతున్న సీపీయూలు మోసుకొచ్చినవాళ్లు కూడా ఇదే మాట అన్నారు: "డిలో ఉందండీ". ఉంది, నీళ్లలో ఉంది.

ఇక మారాలా వద్దా. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. ఆగింది అంటే కంప్యూటర్ ఆగిపోదు, కొత్తగా బయటపడే లొసుగులకు అతుకులు రావు, అంతే. ఇంట్లో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇచ్చారు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు కావచ్చు, 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. కాబట్టి రేపు పొద్దున్నే చేసేయాలన్న కంగారు ఎవరికీ అక్కర్లేదు. కానీ ఆ కంప్యూటర్ మీదే బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్న్‌లు చేస్తూ ఏ అప్‌డేటూ లేకుండా ఏళ్లు లాగేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను.

మీ మెషిన్ సరిపోతుందో లేదో చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మోటుగా చెప్పాలంటే ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి, టీపీఎం 2.0 (కంప్యూటర్ లోపలి భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్. ఆ 4 జీబీ కాగితం మీద మాటే, 8 లేకపోతే మారకండి. పాత హార్డ్ డిస్క్ మీద కూడా వేయకండి, ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. సరిపోని మెషిన్ మీద అడ్డదారిలో వేసిపెడతామనేవాళ్లు వీధికొకరున్నారు. వేయడం అవుతుంది, కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసం మారుతూ అప్‌డేట్లు గ్యారంటీ లేనిది వేసుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

మన దగ్గర అసలు చిక్కు పాత సాఫ్ట్‌వేర్లతో. పేజ్‌మేకర్ 7.0 అనేది 2001 నాటిది, దాని మీద అను అనే తెలుగు ఫాంట్లు, ఈ రెండింటి మీద మన పెళ్లి కార్డులన్నీ నడుస్తున్నాయి. ఫైళ్లు జాగ్రత్తగా దాచుకుని ఫాంట్లు మర్చిపోయేవాళ్లు చాలామంది. ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్ లోపల. కొత్తగా వేస్తే అవి పోతాయి, మీ శుభలేఖ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు పిచ్చిపిచ్చిగా కనబడతాయి. అలాగే కొన్ని కొట్లలో డాస్ కాలం నాటి బిల్లింగ్ ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది. అది 16 బిట్ ప్రోగ్రామ్ అయితే 32 బిట్ విండోస్ 10 మీద నడుస్తుంది గానీ 11 మీద నేరుగా నడవదు. అలాంటివాళ్లు ఆ పాత కంప్యూటర్‌ని ఇంటర్నెట్ పీకేసి అలాగే ఉంచుకోండి, నెట్ పనులకు ఇంకోటి చూసుకోండి.

టాలీ వాడేవాళ్లు కంపెనీ ఎంచుకునే చోట డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి రాసుకోండి. చాలామందికి అది సిలోనే ఉంటుంది, డిలో ఉందనుకుంటుంటారు. డిలో ఉన్నా ఒకటే, పైన చెప్పాను.

ఇంకో కొత్త తలనొప్పి. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డిస్కుకు దానంతట అదే తాళం పడుతుంది. డికి కూడా. తర్వాత ఏ బయోస్ (విండోస్ మొదలయ్యే ముందు వచ్చే సెటప్) సెట్టింగో మార్చినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎవరి ఖాతాతో లాగిన్ అయ్యారో వాళ్ల ఖాతాలో ఉంటుంది. వేసినవాడు పని తొందరగా తేలాలని తన సొంత మెయిల్‌తో లాగిన్ అయ్యాడా, మీ తాళంచెవి వాడి జేబులో ఉన్నట్టే. వాడు ఈలోపు హైదరాబాద్ వెళ్లిపోయి నంబర్ మార్చాడనుకోండి, ఇక చూసుకోండి.

సరే, వరసగా చెబుతున్నాను, పట్టుకోండి.

బ్యాకప్ అంటే బయటి డిస్కులోకి. రెండు కాపీలు, ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో.

కాపీ చేశాక వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఒకావిడ డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ కాపీ చేశానని పెన్‌డ్రైవ్ ఇచ్చారు, చూస్తే 2 కేబీ షార్ట్‌కట్.

ఎవరైనా వచ్చి వేస్తుంటే ఆ డిస్క్ మెషిన్‌కి తగిలించి ఉండకూడదు. పీకి బీరువాలో పెట్టండి.

నెలాఖరులో చేయకండి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అయ్యాక చేయండి. మార్చిలో అసలొద్దు.

మిర్చి కమీషన్ కొట్లవాళ్లు సీజన్‌లో దాని జోలికి పోకండి, యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు చూసుకోండి. కార్డుల షాపులవాళ్లు మూఢంలో చేయించుకోండి.

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ముందు అది మార్చండి. మధ్యలో కరెంటు పోయిందంటే ఆ రోజంతా పోయినట్టే.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, వీటికి విండోస్ 11 డ్రైవర్లు ఉన్నాయో లేదో ముందే వెతకండి. తర్వాత కాదు.

డౌన్‌లోడ్ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. ఎవరి పెన్‌డ్రైవో వద్దు.

"మీ విండోస్ గడువు అయిపోయింది" అని ఫోన్ వస్తే పెట్టేయండి. వాళ్లకి స్క్రీన్ చూపించకండి.

మీ ఖాతా, మీ పాస్‌వర్డ్, మీ ఎదురుగా. 48 అంకెలూ కాగితం మీద.

నచ్చకపోతే 10 రోజుల్లో వెనక్కి పోవచ్చు, నిజమే. ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ చేస్తేనే. మొదటి నుంచి వేస్తే వెనక్కి లేదు. ఆ 10 రోజుల్లో డిస్క్ క్లీనప్ నొక్కకండి, వెనక్కి పోవడానికి కావాల్సిన పాత విండోస్ ఫైళ్లు అందులో పోవచ్చు.

పార్టిషన్లు కనిపించే తెర రాగానే ఆపమనండి. మీరు చూడండి. అర్థం కాకపోతే ఆ రోజుకి వద్దనండి.

"డిలో ఉంది" అని మాత్రం అనకండి.

అరండల్‌పేట ఆయన ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొన్నాడు, ఒక టెరాబైట్‌ది. నిన్న ఫోన్ చేసి ఎక్కడ పెట్టారని అడిగితే, సీపీయూ వెనకాల తగిలించే ఉంచానన్నాడు, రాత్రింబవళ్లు. ఫోన్ లైన్‌లోనే ఉండి పీకించాను.