పీర్ వర్కర్‌ని టీమ్‌లోకి తీసుకుంటున్నారా, ముందు ఇవి చూస్కోండి

పీర్ వర్కర్ అంటే తను కూడా మానసిక జబ్బుతో నలిగి, ట్రీట్‌మెంట్ తీసుకుని, ఇప్పుడు అదే దారిలో ఉన్నవాళ్లకి తోడుండే మనిషి. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లని పెట్టుకుందామనుకునే సెంటర్ల కోసం రాస్తున్నా.

మొదట పని ఏంటో కాగితం మీద రాసివ్వండి. లేకపోతే నెల తిరిగేసరికి ఫైళ్లు మోయడం, చాయ్ తేవడమే మిగుల్తుంది. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చోవడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడ్డం వాళ్ల పని, డోసు మార్చమని చెప్పడం కాదు. ఎవరైనా చచ్చిపోవాలనుందని వాళ్లతో అంటే వెంటనే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి, రాత్రిపూట డ్యూటీలో ఎవరూ లేకపోతే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంక జీతం, ఆటో చార్జీలిచ్చి సేవ అనకండి, మిగతా స్టాఫ్‌కి పడే రోజే పడాలి.

అసలు కష్టం స్టాఫ్ రూమ్‌లో ఉంటుంది. మన ఊళ్లో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని నవ్వుతూ అనేస్తారు కదా, ఆ మాట అక్కడ ఆగిపోవాలి, ఇంచార్జే ఆపాలి. పీర్ వర్కర్ మీటింగ్‌లో కాస్త గట్టిగా మాట్లాడగానే "ఇవాళ టాబ్లెట్ వేస్కున్నావా అమ్మా" అని అడుగుతారు, ఆ మాట నర్స్‌ని అడుగుతారా? కోపం వస్తే ఎందుకొచ్చిందో అడగండి. వారానికోసారి కూర్చుని మాట్లాడండి, పని గురించే, జబ్బు గురించి కాదు. వాళ్లకి వైద్యం చేసే డాక్టరే వాళ్లకి బాస్ కాకూడదు. వాళ్లు ఒకప్పుడు మీ దగ్గరే పేషెంట్ అయితే పాత ఫైల్ ఎవరూ తెరవొద్దు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఆ గోప్యతని హక్కుగా ఇచ్చింది. వాళ్ల కథ కూడా వాళ్లదే, విజిటర్లు వచ్చినప్పుడల్లా మైక్ ఇచ్చి చెప్పించకండి, ప్రతిసారీ అడగండి, వద్దంటే వదిలేయండి.

నైట్ డ్యూటీ జాగ్రత్త. బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు బాగా దిగులు ఉండే జబ్బు) ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. చెకప్ రోజు సెలవు, షిఫ్ట్ మార్పు అడిగితే దయ చూపిస్తున్నట్టు ఇవ్వకండి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది, గవర్నమెంట్ సంస్థలైతే ఇలాంటి సర్దుబాట్లు చేయాల్సిందే.

కుదిరితే ఇద్దర్ని తీసుకోండి, ఒక్కరే అయితే మనసులో బరువు చెప్పుకోడానికి సాటిమనిషి ఉండరు. మళ్లీ బాగోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, పని ఎవరు చూస్తారు అన్నది బాగున్నప్పుడే వాళ్లతో కలిసి రాసుకోండి, తిరిగొచ్చాక ఉద్యోగం అలాగే ఉంటుందని అందులో రాసి సంతకం పెట్టండి.