రేడియేషన్ తర్వాత మలంలో రక్తం: సుక్రల్ఫేట్ ఎనిమా ఇంట్లో ఎలా ఇవ్వాలి?

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కో ప్రోస్టేట్ క్యాన్సర్‌కో కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో మలంలో ఎర్రటి రక్తం కనిపిస్తే ఇంట్లో అందరూ అనేమాట ఒక్కటే: మొలలు. చాలాసార్లు కాదు. రేడియేషన్ తగిలిన మలాశయంలో పాత రక్తనాళాలు మూసుకుపోయి, వాటి బదులు పల్చటి కొత్తవి పుడతాయి. గట్టి మలం రాసుకుంటే చాలు, చిట్లుతాయి. మొలలనుకుని అక్కడ కోత పెట్టిస్తే ఆ పుండు ఓ పట్టాన మానదు. విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో, కేజీహెచ్‌లోనో, ఎక్కడ కరెంటు పెట్టారో అక్కడే చూపించి కెమెరా పరీక్ష చేయించుకోండి. రేడియేషన్ సంగతి ముందే చెప్పండి. మలాశయం గోడ నుంచి అవసరం లేకుండా పరీక్షకు ముక్క తీస్తే పుండు పడి, చిల్లు దాకా పోవచ్చు.

డాక్టరు సుక్రల్ఫేట్ ఎనిమా (పుండు మీద పొరలా పట్టే మందును మలద్వారం గుండా ఎక్కించడం) రాస్తే కావాల్సినవి: సుక్రల్ఫేట్ సస్పెన్షన్ (సీసాలో వచ్చే చిక్కటి ద్రవం), 20 మి.లీ. సిరంజి (సూది వద్దు), 10 నంబరు ఇన్‌ఫెంట్ ఫీడింగ్ ట్యూబు, జెల్లీ, గ్లౌజులు. 10 మి.లీ.లో 1 గ్రాము ఉన్న సీసా తీసుకోండి. లేబుల్ మీద ఆక్సెటకైన్ కూడా ఉంటే వెనక్కిచ్చేయండి, అది కడుపుమంటకు కలిపిన మందు. సాధారణంగా రాసేది పూటకు 20 మి.లీ., అంటే 2 గ్రాములు, రోజుకు రెండుసార్లు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 1991లో ప్రచురించిన పరీక్షలో 4 వారాలు వాడిన మోతాదూ ఇదే. అందులో స్టెరాయిడ్ ఎనిమాతో పాటు మాత్రలు వాడినవాళ్లకన్నా సుక్రల్ఫేట్ ఎనిమా వాడినవాళ్లకే మెరుగ్గా ఉంది. కిడ్నీ జబ్బుంటే చెప్పి తీరాలి, ఈ మందులో అల్యూమినియం ఉంటుంది.

మలవిసర్జన అయ్యాకే ఇవ్వాలి. సీసా బాగా కుదిపి సిరంజిలోకి తీసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఎక్కిస్తే లోపల నిలవదు.

అందరూ పాడుచేసేది ట్యూబు పెట్టడం దగ్గరే. ఎడమ పక్కకు తిరిగి, కుడి మోకాలు పొట్టకేసి ముడుచుకుని పడుకోవాలి. ట్యూబు పొడవుగా ఉందని కొస కత్తిరించకండి, తెగిన అంచు గోడను గీస్తుంది. గాలి పోయేలా ముందే మందుతో నింపి, కొసకు జెల్లీ రాయండి. పేషెంటు నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతున్నప్పుడు, మొదటి రెండు మూడు సెంటీమీటర్లు బొడ్డు వైపు గురిపెట్టి, ఆ తర్వాత వెన్ను వైపు తిప్పండి. మలద్వారం దారి అలాగే వంపు తిరుగుతుంది. ఈ వంపు తెలియక నేరుగా తోస్తే కొస వెళ్లి మలాశయం ముందు గోడకు గుచ్చుకుంటుంది. గర్భసంచి, ప్రోస్టేట్ రెండూ ఆ గోడకు ఆనుకునే ఉంటాయి, కాబట్టి ఎక్కువ దెబ్బతిన్నదీ అదే. మొత్తం నాలుగైదు సెంటీమీటర్లు చాలు. అడ్డు తగిలితే తోయకండి, వెనక్కి తీసి కాసేపాగండి. నొప్పి పుట్టినా, ట్యూబు వెంట తాజా రక్తం కారినా ఆ పూట మానేయండి.

మందు రెండు నిమిషాలు పట్టేలా ఎక్కించండి. ట్యూబులో మిగిలిన మందు పోయేలా రెండు మి.లీ. గాలి కొట్టి, మెల్లగా తీసేయండి. తర్వాత పది నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి, ముందు గోడకు మందు పట్టాలంటే అదే దారి. కనీసం అరగంట ఆపుకోవాలి. పొద్దున ఎనిమా పెట్టుకుని వెంటనే శ్రీకాకుళం బస్సెక్కితే మందు కాస్తా చీరకే. సబ్బునీళ్ల ఎనిమాతో ముందు 'శుభ్రం' చేసే అలవాటు కూడా వద్దు, ఉన్న పుండు మీద మంట తప్ప ఒరిగేదేం లేదు.

నాలుగు వారాల్లో తగ్గకపోతే కెమెరా గొట్టం ద్వారా ఆర్గాన్ ప్లాస్మాతో (ఆర్గాన్ గ్యాసు గుండా పంపే కరెంటు వేడితో) ఆ రక్తనాళాలను మాడుస్తారు. దానికి మాత్రం పేగంతా పూర్తిగా ఖాళీ కావాలి, సగం శుభ్రమైన పేగులో మండే గ్యాసు మిగిలి పేలే ప్రమాదం ఉంది. ఈలోగా హిమోగ్లోబిన్ చూపించుకుంటూ, మలం గట్టిపడకుండా ఇసబ్‌గోల్ వాడండి. గుండెకు వేసుకునే ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరునే అడగండి. గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. యోని దారిన మలం వచ్చినా, జ్వరంతో నొప్పి పెరిగినా ఎనిమా ఆపేసి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.