పెద్ద 4కె స్మార్ట్ టీవీ కొనడం ఎలా?

షోరూములో అడుగుపెడితే గోడ నిండా టీవీలు. అన్నిటి మీదా 4కె అనే ఉంటుంది, అన్నిట్లోనూ బొమ్మ ధగధగలాడుతూనే ఉంటుంది. మరి ఒకే సైజున్న రెండు టీవీల్లో ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు ఎందుకుంది? సేల్స్‌మన్‌ని అడిగితే క్వాంటమ్, డైనమిక్, అల్ట్రా అంటూ ఏవేవో చెబుతాడు. టెన్షన్ తగ్గకపోగా ఇంకాస్త పెరుగుతుంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. 4కె అనే మాట చూసి టీవీ ఎంచుకోకూడదు. పెద్ద సైజుల్లో ఇప్పుడు దాదాపు ప్రతి టీవీ 4కెనే. నలుపును నిజంగా నల్లగా చూపించగలదా, మీ గదిలో పడే వెలుతురుకు తట్టుకుంటుందా అన్న దగ్గరే అసలు తేడా తెలుస్తుంది. అందుకే పని షోరూములో కాదు, ఇంట్లో మొదలవ్వాలి.

1. ముందు టేపు తీసి కొలవండి

మీరు కూర్చునే చోట మీ కళ్ల దగ్గరి నుంచి టీవీ తెర వచ్చే చోటి దాకా కొలవండి. గోడ దాకా కాదు, తెర దాకా. స్టాండు మీద పెడితే తెర గోడకు అడుగు దాకా ముందుకు రావచ్చు.

ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగించండి. వచ్చిన అంకె హాయిగా చూడగలిగే టీవీ సైజు. 1.2తో భాగిస్తే థియేటర్లో కూర్చున్నంత నిండుగా కనిపించే సైజు వస్తుంది. ఉదాహరణకు దూరం 9 అడుగులు, అంటే 108 అంగుళాలు అనుకుందాం. 1.6తో భాగిస్తే 67 దాటుతుంది, 1.2తో అయితే 90. అంటే ఆ గదిలో 65 అంగుళాల టీవీ పెద్దదేం కాదు. 75 కూడా బాగానే ఇముడుతుంది.

అయితే ఒక్క మాట. మీ ఇంట్లో ఎక్కువగా చూసేది హెచ్‌డీ కాని మామూలు చానెళ్లయితే మరీ పెద్ద సైజుకు వెళ్లకండి. ఆ సిగ్నల్‌లో ఉన్న కొద్దిపాటి వివరాన్ని టీవీ సాగదీసి తెరంతా నింపాలి. తెర పెరిగేకొద్దీ ముఖాలు మసకబారినట్టు కనిపిస్తాయి.

సైజు అంకె మూల నుంచి మూలకు కొలిచింది కాబట్టి అంకెను బట్టి తెర ఎంత పెద్దదో ఊహించడం కష్టం. 65 అంగుళాల తెర సుమారు 57 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల ఎత్తు ఉంటుంది. 55తో పోలిస్తే దాని విస్తీర్ణం దాదాపు 40 శాతం ఎక్కువ. పాత న్యూస్‌పేపర్లు అతికించి అంత ముక్క తయారుచేసి గోడకు అంటించి, రెండు రోజులు అలాగే ఉంచండి. తెర మధ్యభాగం కూర్చున్నప్పుడు మీ కంటి ఎత్తుకు అటూ ఇటూగా రావాలి. మరీ పైకి బిగిస్తే రెండున్నర గంటల సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది.

బల్ల మీద పెట్టేట్టయితే టీవీ కాళ్ల మధ్య దూరం చూసుకోండి. చాలా పెద్ద టీవీలకు కాళ్లు రెండు చివర్లలో ఉంటాయి, పాత బల్ల వెడల్పు చాలకపోవచ్చు. అట్టపెట్టె మెట్ల మలుపులో తిరుగుతుందా, లిఫ్టులో పడుతుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి.

2. ఏం చూస్తారు, ఎప్పుడు చూస్తారు

దీన్ని ఎక్కువ సాగదీయక్కర్లేదు గానీ వదిలేయకూడదు. పగలు కిటికీలు తెరిచి ఆటలు, వార్తలు చూసే ఇల్లు వేరు. రాత్రి లైట్లు ఆర్పేసి సినిమాలు చూసే ఇల్లు వేరు. మొదటి ఇంటికి వెలుగు బాగా ఇచ్చే తెర కావాలి, రెండో ఇంటికి నలుపు బాగా చూపే తెర. గేమింగ్ ఉంటే దాని లెక్క ఇంకొకటి. మీ ఇల్లు ఏదో తేల్చుకుంటే తర్వాతి మెట్టు సులువవుతుంది.

3. ప్యానెల్ గురించి కాస్త ఓపిగ్గా తెలుసుకోండి

ప్యానెల్ అంటే టీవీలో బొమ్మను చూపించే తెర భాగం. మీరు పెట్టే డబ్బులో పెద్ద భాగం దీనికే పోతుంది.

4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెల్స్, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. 8కె అయితే 3.3 కోట్లు. కానీ 8కెలో తీసిన కంటెంట్ చాలా తక్కువ, సోఫా దూరం నుంచి ఆ తేడాను మామూలు కళ్లు పట్టుకోవడమూ కష్టమే. ఇంటి టీవీకి 8కె కోసం అదనంగా డబ్బు పెట్టొద్దనే చెబుతాను.

ఇక ప్యానెళ్లలో ప్రధానంగా రెండు కుటుంబాలు. మొదటిది ఎల్‌సీడీ. ఎల్ఈడీ టీవీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ అన్నీ ఈ కుటుంబానివే. వీటిలో పిక్సెల్ తనంతట తాను వెలగదు, వెనక ఎల్ఈడీ లైట్లు వెలుగుతుంటాయి. వెలిగే దీపం ముందు పరదా లాగినట్టన్న మాట. పరదా ఎంత మందమైనా కాస్త వెలుగు తొంగిచూస్తూనే ఉంటుంది. అందుకే చవక ఎల్‌సీడీలో రాత్రి దృశ్యం నల్లగా కాక బూడిద రంగులో కనిపిస్తుంది.

దీనికి విరుగుడు లోకల్ డిమ్మింగ్. వెనక లైట్లను చిన్న చిన్న జోన్లుగా విడగొట్టి, దృశ్యంలో చీకటిగా ఉన్న చోట ఆ జోన్ వెలుగు తగ్గిస్తారు. జోన్లు ఎన్ని ఎక్కువైతే అంత మేలు. మినీ ఎల్ఈడీ టీవీల్లో లైట్లు చాలా చిన్నవి కాబట్టి జోన్లు వందల్లో, కొన్నిట్లో వేలల్లో ఉంటాయి. లైట్లు అంచుల్లో మాత్రమే ఉండే ఎడ్జ్ లిట్ రకానికి ఈ పని సరిగ్గా చేతకాదు. క్యూఎల్ఈడీ అన్న మాట రంగులు మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొరను సూచిస్తుంది, అంతే. ఆ పేరున్నంత మాత్రాన లోకల్ డిమ్మింగ్ ఉన్నట్టు కాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

రెండో కుటుంబం ఓఎల్ఈడీ. ఇందులో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. నలుపంటే అసలైన నలుపు. పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. ఒకటే పేచీ. తెర మీద ఒకే బొమ్మ గంటల తరబడి, నెలల తరబడి కదలకుండా ఉంటే దాని మచ్చ శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దీన్ని బర్న్ ఇన్ అంటారు. తగ్గించే ఏర్పాట్లు టీవీలోనే ఉంటాయి కానీ, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వార్తా చానెల్ లోగోతో, కింద స్క్రోలింగ్‌తో నడిచే ఇంటికి నేనైతే మినీ ఎల్ఈడీనే సూచిస్తాను. చీకటి గదిలో సినిమాలు చూసేవారికి మాత్రం ఓఎల్ఈడీకి సాటి లేదు.

పెట్టె మీద కనిపించే ఇంకో మాట హెచ్‌డీఆర్. వెలుగు, చీకటి మధ్య ఉండే అంతరాన్ని మామూలు వీడియో కంటే చాలా ఎక్కువగా చూపించే పద్ధతి ఇది. హెచ్‌డీఆర్ సపోర్ట్ అని రాశారంటే ఆ సిగ్నల్‌ను తీసుకోగలదని మాత్రమే అర్థం. దాన్ని చూపించాలంటే తెరకు తగినంత ప్రకాశమూ, మంచి లోకల్ డిమ్మింగూ ఉండాలి. ప్రకాశాన్ని నిట్స్‌లో కొలుస్తారు. 300 నిట్స్ దగ్గరే ఆగిపోయే ఎల్‌సీడీలో హెచ్‌డీఆర్ ఉన్నా లేనట్టే. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ అనేవి దృశ్యం మారినప్పుడల్లా వెలుగు లెక్కను సవరించుకునే పద్ధతులు. మీరు చూసే ఓటీటీలో ఏది ఎక్కువగా వస్తుందో చూసుకుంటే చాలు.

4. హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ

సెకనుకు తెర ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదో చెప్పేది రిఫ్రెష్ రేట్. అసలు అంకెలు ఎక్కువగా 60 లేదా 120 ఉంటాయి, కొన్నిట్లో 144. మోషన్ అన్న మాట తగిలించి 200, 240 అని పెద్ద అంకె వేస్తే అది కంపెనీ లెక్కే కావచ్చు. ప్యానెల్ నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత అని అడగండి. ఆటలు ఎక్కువగా చూసేవారికి, గేమ్స్ ఆడేవారికి 120 పనికొస్తుంది. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి వాటి కోసమే అయితే 60తోనూ గడిచిపోతుంది.

బయటి పరికరాల కేబుల్ తగిలించే పోర్టు హెచ్‌డీఎంఐ. గేమింగ్ కన్సోల్ ఉంటే, హెచ్‌డీఎంఐ 2.1 అన్న మాటతో సరిపెట్టుకోకండి. 4కెలో 120 హెర్ట్జ్ తీసుకునే పోర్టులు ఎన్ని అని అడగండి. అన్ని పోర్టులూ తీసుకోవాలనేం లేదు. ఈ-ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టు సౌండ్‌బార్ కోసం. పల్చని టీవీలో స్పీకర్లకు చోటు ఉండదు, చాలావాటిలో శబ్దం కిందికి పోతుంది. కాబట్టి బడ్జెట్‌లో సౌండ్‌బార్‌కు కొంత పక్కన పెట్టుకోవడం మంచిది.

5. స్మార్ట్ సంగతి

టీవీని నడిపే సాఫ్ట్‌వేర్ గూగుల్ టీవీ, వెబ్‌ఓఎస్, టైజెన్, ఫైర్ టీవీ, రోకు... ఏదైనా ఫర్వాలేదు. మీరు చూసే యాప్‌లన్నీ ఉన్నాయా, మెనూ తడబడకుండా కదులుతోందా చూసుకోండి, చాలు. నాలుగేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తే ఓ స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవచ్చు. ప్యానెల్‌ను అలా మార్చలేం. అందుకే రెండు టీవీల మధ్య ఊగిసలాడుతుంటే సాఫ్ట్‌వేర్ బాగున్నదాన్ని కాదు, ప్యానెల్ బాగున్నదాన్ని తీసుకోండి.

4కె స్ట్రీమింగ్‌కు నెట్‌ఫ్లిక్స్ సెకనుకు 15 మెగాబిట్లు, అంటే 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది. 4కె ఇచ్చే ప్లాన్ కూడా వేరే ఉండొచ్చు, మీరు కడుతున్నది అదేనా చూసుకోండి.

6. షోరూములో ఏం చేయాలి

అక్కడి టీవీలు ఎక్కువగా వివిడ్ మోడ్‌లో ఉంటాయి. రంగులు, వెలుగు అన్నీ గరిష్ఠానికి పెట్టి, పూలు, సముద్రాలు, నగర దీపాల వీడియోలు నడిపిస్తారు. అవి ఏ టీవీలోనైనా బాగుండేలా తీసినవి. రిమోట్ అడిగి తీసుకుని సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చండి.

తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కదిలే దృశ్యం పెట్టించండి. సినిమా చివర్లో వచ్చే పేర్లు దీనికి బాగా సరిపోతాయి. అక్షరాల చుట్టూ పొగలాంటి వెలుగు కమ్ముకుంటోందా? పేర్లు పైకి జరుగుతుంటే వెనక నలుపు కూడా వెలుగుతూ ఆరుతూ ఉందా? అయితే డిమ్మింగ్ జోన్లు తక్కువ, లేదా వాటి పనితీరు బాలేదు. తెల్ల అక్షరం తెల్లగా, పక్కనే ఉన్న నలుపు నల్లగా నిలిస్తే అది మంచి ప్యానెల్. ఇప్పుడు రెండడుగులు పక్కకు జరిగి ఓ ముఖం ఉన్న దృశ్యం చూడండి. ఒంటి రంగు పాలిపోతే, సోఫా చివర కూర్చునేవాళ్లకు ఇంట్లోనూ అలాగే కనిపిస్తుంది.

నచ్చాక మోడల్ నంబర్ పూర్తిగా రాసుకోండి, చివరి అక్షరాలతో సహా. ఒకే సిరీస్‌లోనే సైజును బట్టి ప్యానెల్ మారిపోవచ్చు. 65లో చూసి మురిసిపోయినది 55లో ఉండకపోవచ్చు.

7. ఇంటికి వచ్చిన రోజు

పెట్టె నిలబెట్టే రావాలి. పడుకోబెట్టి తెస్తే కుదుపులకు ప్యానెల్ పగిలే ప్రమాదం ఎక్కువ. పెట్టె మీది నంబర్ సరిపోయిందో లేదో చూశాకే విప్పించండి. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, వేళ్లు తెర మీద నొక్కకూడదు. ఆన్ చేయగానే హోమ్ మోడా, స్టోర్ మోడా అని అడిగితే హోమ్ ఎంచుకోండి.

రాత్రి లైట్లు ఆర్పి యూట్యూబ్‌లో దొరికే ప్యానెల్ టెస్ట్ వీడియోలు నడపండి. పూర్తి నలుపులో మూలల్లో వెలుగు కారుతోందా, లేత బూడిద రంగులో మురికి మరకల్లాంటి చారలున్నాయా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపుల్లో ఎక్కడైనా చచ్చిన చుక్క ఉందా చూడండి. బూడిద తెరను చూస్తున్నప్పుడు కాస్త దూరం జరగండి. ముక్కు ఆనించి వెతికితే ప్రతి టీవీలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. సోఫాలోంచి కనిపించేదే లోపం. రిటర్న్ గడువు అయ్యేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ పారేయొద్దు.

8. సెట్టింగ్స్

పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌లో ఉంచండి. మొదట పసుపు పచ్చగా అనిపిస్తుంది. వారం తిరిగేసరికి కళ్లు అలవాటు పడతాయి, ఆ తర్వాత పాత వివిడ్ మోడే కృత్రిమంగా కనిపిస్తుంది. మధ్యలో లేని ఫ్రేములను కల్పించి కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేదంటే కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా సీరియల్‌లా జారిపోతూ ఉంటుంది. కన్సోల్ తగిలించిన పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ లేదా డీప్ కలర్ అన్న ఆప్షన్ విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు. సెట్‌టాప్ బాక్స్ మెనూలోకి కూడా వెళ్లి, అది ఇవ్వగలిగిన గరిష్ఠ రెజల్యూషన్‌లో ఉందో లేదో చూడండి.

ప్రైవసీ మెనూలో ఏసీఆర్ లేదా వ్యూయింగ్ డేటా అన్న పేరుతో ఓ అంశం ఉంటుంది. తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టి ఆ సమాచారాన్ని కంపెనీకి పంపేది అదే. అనుమతి అడగకుండా ఇలా సేకరించిందన్న ఆరోపణలపై 2017లో అమెరికాలో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. మీ టీవీలో ఈ ఏసీఆర్‌ను ఆఫ్ చేయండి, ఆపేసినా యాప్‌లన్నీ మామూలుగానే పనిచేస్తాయి. పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక మళ్లీ ఓసారి ఆ మెనూ తెరిచి, ఆఫ్‌లోనే ఉందో లేదో చూసుకోండి.