కొత్త కెమెరా పుకార్లను నమ్మే ముందు మీ సెన్సర్ వేగాన్ని ఇంట్లోనే కొలవడం ఎలా?

కొత్త మిర్రర్‌లెస్ కెమెరా రాబోతోందన్న కబురు పొక్కగానే, నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిసిన చోటల్లా "ఈసారి స్టాక్డ్ సెన్సరట", "మెకానికల్ షట్టరే ఉండదట", "గ్లోబల్ షట్టర్ ఖాయమట" అన్న మాటలే వినిపిస్తాయి. స్టాక్డ్ సెన్సర్ అంటే వేగంగా చదివే సర్క్యూట్లను పిక్సెళ్ల కింద పేర్చిన సెన్సర్; గ్లోబల్ షట్టర్ అంటే అన్ని వరుసల పిక్సెళ్లూ ఒకే క్షణంలో ఫొటోను పట్టుకోవడం. ఆ మాటలు నమ్మి, చేతిలో ఉన్న మంచి కెమెరాను సగం ధరకు అమ్ముకున్నవారిని నేను చాలామందిని చూశాను. తమ సెన్సర్ ఒక ఫ్రేమును పైనుంచి కిందిదాకా చదవడానికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుందో వారిలో ఒక్కరు కూడా కొలిచి చూసుకోలేదు. ఆ ఒక్క అంకె తెలియకుండా, రాబోయే సెన్సర్ మనకు అవసరమో కాదో తేల్చుకోవడం సాధ్యం కాదు.

ఎలక్ట్రానిక్ షట్టర్‌లో తెర ఏదీ కదలదు. సెన్సర్ తన పిక్సెళ్లను ఒక వరుస తర్వాత ఒక వరుసగా చదువుకుంటూ పోతుంది. షట్టర్ స్పీడును 1/32000కు పెంచినా ఒక్కొక్క వరుస వెలుతురును అందుకునే సమయం తగ్గుతుందే తప్ప, మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్యనున్న ఎడం తగ్గదు. ఇది తెలియని రోజుల్లో నేను ఒక పెళ్లిలో మంత్రాలకు అడ్డు రాకూడదని సైలెంట్ షట్టర్ (శబ్దం చేయని ఈ ఎలక్ట్రానిక్ షట్టరే) పెట్టి, జీలకర్ర బెల్లం ఘట్టాన్ని మొత్తం తీశాను. వేదిక మీద వెలిగినవన్నీ రంగుల ఎల్‌ఈడీ లైట్లే. ఇంటికి వచ్చి చూస్తే ప్రతి ఫొటోలోనూ వధువు ముఖం మీదుగా అడ్డంగా నల్లటి చారలు ఉన్నాయి. మినుకే లైటు ఆరిన క్షణంలో వంతు వచ్చిన వరుసలు నల్లగా మిగిలిపోయాయన్నమాట. ఆ చారలను ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోగొట్టలేకపోయాను. ఆ ఫొటోలను పాడుచేసిన ఆ చారలే ఇప్పుడు మనకు కొలబద్దగా పనికొస్తాయి.

కావలసినవి కొన్నే: కెమెరా, ట్రైపాడ్, తెల్లగోడ, తగిన దీపం, ఫొటోలో పిక్సెల్ స్థానాన్ని చూపించే జింప్ వంటి ప్రోగ్రాం ఉన్న కంప్యూటరు. లెన్స్ ఏదైనా ఫరవాలేదు. పని మాత్రం రాత్రిపూటే చేయాలి. పగలు ఎన్ని కర్టెన్లు వేసినా లోపలికి వచ్చే ఎండ చారలను పలుచన చేస్తుంది.

మొదట కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ఎంచుకోండి. చాలా కెమెరాల్లో ఉండే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ దీనికి పనికిరాదు, ఎందుకంటే అందులో ఎక్స్‌పోజరును ముగించేది మెకానికల్ తెరే. లైట్ల మినుకుడును తప్పించే ఫ్లికర్ రిడక్షన్‌ను ఆపేయండి. లెన్స్ ఎపర్చరును పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400, షట్టర్ స్పీడు 1/2000 పెట్టండి. కెమెరాను గోడకు అర మీటరు దూరంలో అడ్డంగా నిలిపి, ఫోకస్‌ను కావాలనే తప్పించి, రెండు సెకన్ల టైమరుతో పది ఫొటోలు తీయండి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

అసలు చిక్కంతా దీపం దగ్గరే ఉంది. నేను చూసిన తప్పుడు కొలతల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది. ఒక్కో ఆవృత్తిలో కరెంటు రెండుసార్లు శిఖరానికి చేరుతుంది కాబట్టి, దానితో నేరుగా వెలిగే దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. అంటే ఫొటోలో ఒక నల్లచార నడుమ నుంచి తర్వాతి నల్లచార నడుమ వరకు ఉన్న దూరం సరిగ్గా 10 మిల్లీసెకన్లకు సమానం. 50కి బదులు 100 అన్నది మరిచిపోయి, ఒక్కో చారను 20 మిల్లీసెకన్లుగా లెక్కగట్టి, తమ కెమెరా ఉన్నదానికంటే రెండింతలు నెమ్మది అని నమ్మేసినవారు ఉన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ పని చేస్తే, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, ఒక్కో చారను 8.33 మిల్లీసెకన్లుగా తీసుకోవాలి.

ఏ దీపం పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. నా లెక్కలో రాగి చోక్, స్టార్టరు ఉన్న పాత ట్యూబ్‌లైటును మించినది లేదు. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్‌లైటు వేల హెర్ట్జ్‌లో వెలుగుతుంది కాబట్టి ఈ పద్ధతిలో దానితో చారలు రావు. మంచి డ్రైవరు ఉన్న ఎల్‌ఈడీ బల్బు కూడా మినుకదు. అటువంటి బల్బు కింద ఫొటో తీసి, చారలు లేవు కాబట్టి తన సెన్సర్ గ్లోబల్ షట్టర్ అంత వేగమైనదని మురిసిపోయిన మిత్రుడు నాకు ఉన్నాడు. చవక ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు మినుకుతాయి గానీ, కొన్ని కరెంటులో సగం భాగాన్నే వాడుకుని సెకనుకు 50 సార్లే వెలిగి ఆరుతాయి. పండుగలకు వేలాడదీసే సీరియల్ సెట్లలోనూ ఇదే చిక్కు ఉంది. అందుకే బల్బుతో వచ్చిన అంకెను చోక్ ట్యూబ్‌లైటుతో ఒకసారి సరిచూసుకోనిదే నమ్మకూడదు.

ట్యూబ్‌లైటులోనూ ఒక మెలిక ఉంది. దాని రెండు చివరలూ 50 హెర్ట్జ్‌లో మినుకుతాయి. అందుకే ట్యూబును నేరుగా తీయకుండా, దాని నడిమి భాగపు వెలుతురు పడిన గోడను తీయాలి. ట్యూబు పాతబడిందంటే ఒక చార ముదురుగా, దాని పక్కది లేతగా రావచ్చు. లేతదాన్ని వదిలేయకుండా రెండింటినీ లెక్కించాలి. చారలు నల్లగా కాక కాస్త పసుపుపచ్చగా కనిపించినా కంగారు పడనక్కరలేదు. ట్యూబు లోపల పూసిన పొడిలోని రంగులన్నీ ఒకే వేగంతో ఆరిపోకపోవడమే దానికి కారణం.

అన్నిటికంటే ముఖ్యంగా, కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఇల్లు నడుస్తున్నప్పుడు ఈ కొలత తీయవద్దు. గ్రిడ్ కరెంటును 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్నది మన దేశంలో నియమం, కాబట్టి దాని తప్పు మన లెక్కకు అంటదు. ఇన్వర్టరుకూ జనరేటరుకూ అంతటి కట్టుబాటు ఉండదు.

ఇక కొలత. ఫొటోను కంప్యూటరులో తెరిచి, ఎత్తును అలాగే ఉంచి వెడల్పును మాత్రం 50 పిక్సెళ్లకు కుదించండి. అప్పుడు గరుకు అంతా అణిగి, చారలు నిచ్చెన మెట్లలా తేటగా నిలబడతాయి. కాంట్రాస్ట్ పెంచి, పైన ఉన్న మొదటి నల్లచార నడుమ ఏ వరుసలో ఉందో, కింద ఉన్న చివరి నల్లచార నడుమ ఏ వరుసలో ఉందో రాసుకోండి. ఆ దూరాన్ని నడుమనున్న ఎడాల సంఖ్యతో భాగించండి. నా పాత 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో ఎత్తు 4000 వరుసలు, ఆరు చారల మధ్య ఐదు ఎడాలు, మొత్తం దూరం 3100 వరుసలు. అంటే ఒక్కో ఎడం 620 వరుసలు. 4000ను 620తో భాగిస్తే 6.45, దాన్ని 10తో గుణిస్తే 64.5 మిల్లీసెకన్లు, అంటే సెకనులో సుమారు 15వ వంతు. చారలను ఊరికే వేళ్ల మీద లెక్కపెట్టి "ఆరున్నో ఏడో ఉన్నాయి" అనుకుంటే సరిపోదు, అంచుల దగ్గర తెగిపోయిన చారల వల్ల ఆ లెక్క ఎప్పుడూ తప్పుతుంది. సింగిల్ షాట్‌కూ కంటిన్యుయస్ మోడ్‌కూ విడివిడిగా కొలవండి. కొన్ని కెమెరాలు వేగం కోసం ఒక్కో పిక్సెల్ వెలుగును నమోదు చేసే వివరాన్ని 14 బిట్ల నుంచి 12 బిట్లకు తగ్గిస్తాయి, అప్పుడు అంకె మారుతుంది.

ఫొటోలో ఒక్క చార కూడా పూర్తిగా పట్టకపోతే మీ సెన్సర్ 10 మిల్లీసెకన్ల కంటే వేగంగా చదువుతోందని అర్థం. అప్పుడు ఆర్డుయినో బోర్డుకు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒక తెల్ల ఎల్‌ఈడీని 220 ఓమ్‌ల రెసిస్టరుతో కలిపి, టోన్ ఆదేశంతో 1000 హెర్ట్జ్ ఇవ్వండి. ఒక్కో చార 1 మిల్లీసెకను అవుతుంది. లెన్స్ ముందు ట్రేసింగ్ పేపరు చుట్టి, ఎల్‌ఈడీని దానికి ఆనించి, గది చీకటి చేసి, షట్టర్ స్పీడు 1/8000 లేదా అంతకంటే ఎక్కువ పెట్టండి. గ్లోబల్ షట్టర్ అయితే చారలే ఉండవు. ఒక ఫ్రేము మొత్తం వెలుగ్గా, ఇంకో ఫ్రేము మొత్తం చీకటిగా వస్తుంది.

చాలామంది ఇంత శ్రమ ఎందుకని సీలింగ్ ఫ్యానును ఫొటో తీసి, రెక్కలు కత్తుల్లా వంగాయా లేదా అని చూస్తారు. అది కొలత కాదు. రెగ్యులేటరు ఏ అంకె మీద ఉందో, వోల్టేజి ఎంత ఉందో దాన్ని బట్టి ఫ్యాను వేగం మారిపోతుంది. ఒకరి ఫ్యానుతో ఇంకొకరి ఫ్యానును పోల్చి కెమెరాల తరతమాలు తేల్చడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మీ అంకె వచ్చాక పుకార్లను కూడా మిల్లీసెకన్లలోకి మార్చి చదవవచ్చు. కొత్త కెమెరా పూర్తి ఫ్రేములను ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు 30 తీస్తుందట అంటే, అది 33 మిల్లీసెకన్ల లోపు చదవాలి, అంతకు మించి ఆ వార్త ఏమీ చెప్పడం లేదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లోనూ ఫ్లాష్ 1/200 దగ్గర పనిచేస్తుందంటే మాత్రం అది గట్టి కబురు, ఎందుకంటే చదవడం 5 మిల్లీసెకన్లలో ముగిస్తే తప్ప అది కుదరదు. 2021లో వచ్చిన సోనీ ఏ1 ఆ పని చేసి చూపింది. అదే ఏడాది నికాన్ జెడ్9 మెకానికల్ షట్టర్‌నే తీసేయగలిగింది కూడా దాని స్టాక్డ్ సెన్సర్ సుమారు 4 మిల్లీసెకన్లలో చదవడం వల్లనే. "పాక్షికంగా స్టాక్డ్" అన్న మాట 2024లో నికాన్ జెడ్6 త్రీతో బాగా వ్యాపించింది. అందులో వేగంగా చదివే సర్క్యూట్లు పిక్సెళ్ల కింద కాక, పైఅంచునా కిందిఅంచునా ఉంటాయి. కాబట్టి పేరు కలిసిందని దాని నుంచి జెడ్9 వేగాన్ని ఆశించకూడదు. 4కె వీడియో సెకనుకు 120 ఫ్రేములు అన్న వార్తను ఫొటోలకు అన్వయించవద్దు. వీడియోలో సెన్సర్ తరచుగా తక్కువ బిట్లతోనో, కొంత భాగాన్ని కత్తిరించో చదువుతుంది.

గ్లోబల్ షట్టర్ కోసం ఎదురుచూసేవారు దాని ఖరీదును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ, ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత) సెన్సర్‌లో గ్లోబల్ షట్టర్‌తో వచ్చి, 1/80000 షట్టర్ స్పీడు, సెకనుకు 120 ఫ్రేములు ఇచ్చింది. కానీ ప్రతి పిక్సెల్ తన చార్జిని పక్కన దాచుకోవడానికి చోటు కావాలి కాబట్టి, వెలుతురును పట్టే చోటు తగ్గుతుంది. దాని మొదలు ఐఎస్ఓ 250 కావడం అందుకే. ఎండలో ఆరుబయట పెళ్లిళ్లు తీసేవారికి ఐఎస్ఓ 100 దొరకకపోవడం చిన్న నష్టం కాదు.

నా వరకు, ఎల్‌ఈడీ వెలుగుల వేదికల మీద కూచిపూడి, పెళ్లిళ్లు తీయడానికి 15 మిల్లీసెకన్లకు పైబడిన సెన్సర్‌ను సైలెంట్ షట్టర్‌లో వాడను. మెకానికల్ షట్టర్‌తోనే తీస్తాను. కొత్త కెమెరా దుకాణానికి వచ్చిన రోజు బ్యాటరీతో నడిచే ఆర్డుయినో, ఎల్‌ఈడీ, ట్రేసింగ్ పేపరు జేబులో వేసుకుని వెళ్లండి. దుకాణాల్లోని లైట్లు సాధారణంగా మినుకవు కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. మీ మెమరీ కార్డు పెట్టి పది ఫ్రేములు తీసుకోవడానికి అనుమతి అడగండి, ఇంటికి వచ్చి కొలవండి, మీ పాత అంకె పక్కనే కొత్తది రాయండి.