వైజాగ్‌లో ఓడెక్కాలంటే

ముందు ఒక విషయం తేల్చుకోండి, మీరు ఎక్కేది విహారానికి తిరిగే క్రూయిజా, అండమాన్ దీవులకు వెళ్లే ప్రయాణికుల ఓడా? రెండూ ఒకటే అనుకుని ఆటో ఎక్కితే పోర్టు గేట్ల చుట్టూ ప్రదక్షిణలు తప్పవు, కాబట్టి టికెట్ మీద ఏ గేటు, ఎన్ని గంటలకు రిపోర్టింగ్ అని ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

క్రూయిజ్ టెర్మినల్ ఔటర్ హార్బర్‌లో, అంటే పోర్టు సముద్రం వైపు భాగంలో ఉంది. దాదాపు 96 కోట్లతో కట్టి 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. పోర్టు మాత్రం 1933 నాటిది, మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. కొత్త టెర్మినల్‌ని సుమారు రెండు వేల మందికి సరిపడేలా కట్టారు, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ అక్కడే. బిల్డింగ్ బాగుంది గానీ ఓడలే అరుదు, షెడ్యూల్ చూడకుండా లీవు పెట్టేయకండి.

అండమాన్ ఓడ వేరే లెక్క. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరడానికి రెండు రోజుల పైనే, అంటే సుమారు 56 గంటలు పడుతుంది. డబ్బు తక్కువైతే బంక్ క్లాస్ (చాలామందితో కలిసి ఒకే హాల్లో పడకలు), కాస్త ప్రశాంతంగా పడుకోవాలంటే క్యాబిన్. బంక్ తీసుకుంటే దుప్పటి, తాళం, పులిహోర, కారప్పూస లాంటివి సర్దుకోండి. వాంతుల మాత్ర ఓడ కదిలాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి, అదీ డాక్టర్‌ని అడిగి. హార్బర్ పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి బయటి సముద్రంలోకి వెళ్లాక అసలు ఊపు మొదలవుతుంది, అప్పుడు కింద పడుకోకుండా డెక్ మీదకొచ్చి దూరంగా చూస్తూ నిలబడండి. ఒరిజినల్ ఆధార్ చేతి సంచిలోనే ఉంచుకోండి, పెద్ద సూట్‌కేసు అడుగున కాదు.