పండుగ అమ్మకాలకు ముందు లోడ్ అంచనా మోడళ్లతో జాగ్రత్తలు

2025 అక్టోబరు 20న, దీపావళి మధ్యాహ్నం, సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి ఉత్తర వర్జీనియా ప్రాంతంలో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు సంబంధించిన డీఎన్ఎస్ నమోదు (పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పేది) చెడిపోయింది. డైనమోడీబీ మూడు గంటల్లో తేరుకున్నా, కొత్త ఈసీ2 (అద్దె) సర్వర్లను ప్రారంభించే ప్రక్రియ మన కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటాక గాని పూర్తిగా కుదుటపడలేదు. ఆనాడు ఆగిపోయిన సేవల గురించి చాలామంది రాశారు. ఆనాటి లెక్కలు రద్దీకి ఎన్ని సర్వర్లు కావాలో ముందే చెప్పే ఈ ఏటి అంచనా మోడళ్లకు శిక్షణ డేటాగా వెళుతున్న సంగతిని మాత్రం తక్కువ మందే పట్టించుకుంటున్నారు. ఆ ప్రాంతంపై ఆధారపడిన సేవల్లో ఆ గంటల రిక్వెస్టులు అడుగంటి ఉంటాయి. మోడల్ కంటికి అది జనం లేని పూట.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు

సర్వర్లు చేసిన పనినే జనం అడిగిన పనిగా భావించి మోడల్‌కు నేర్పడం ఈ రంగంలో నేను చూసిన అతి ఖరీదైన పొరపాటు. నిమిషానికి 40 వేల రిక్వెస్టులను మాత్రమే తట్టుకోగల వ్యవస్థపైకి 90 వేలు వచ్చాయనుకుందాం. అప్లికేషన్ లాగ్‌లో కనిపించేది 40 వేలే. గ్రాఫులో శిఖరం ఉండవలసిన చోట బల్లపరుపు గీత ఉంటుంది. మోడల్ ఆ గీతనే గరిష్ఠమని నేర్చుకుని, మరుసటి ఏడాదికి 40 వేలకు సరిపడే సర్వర్లనే అడుగుతుంది, అడిగినన్నే ఇస్తారు, లోడ్ మళ్లీ 40 వేల దగ్గరే ఆగుతుంది, అంచనా అక్షరాలా నిజమైందని నివేదిక తయారవుతుంది. నిండిపోయిన బస్సులో తెగిన టికెట్లను లెక్కించి, స్టాపులో ఎవరూ మిగలలేదని తేల్చడం వంటిదే ఇది.

సర్వర్ ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చెప్పే సీపీయూ వినియోగాన్నే ఆధారంగా తీసుకుంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది నూరు శాతాన్ని దాటదు సరికదా, కష్టకాలంలో ఒక్కోసారి పడిపోతుంది కూడా. 2021 జనవరి 4న, సెలవుల తరువాతి తొలి సోమవారం, ఆఫీసు సందేశాల యాప్ నడిపే స్లాక్ సంస్థ సేవలు ఆగినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. నెట్‌వర్క్‌లను కలిపే అమెజాన్ ట్రాన్సిట్ గేట్‌వేలు పెరిగిన రద్దీకి తగినంత వేగంగా విస్తరించలేదు. నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తున్న సర్వర్లలో సీపీయూ వినియోగం తగ్గింది. రద్దీని బట్టి సర్వర్లను పెంచి తగ్గించే ఆటోస్కేలింగ్ దానిని చూసి సర్వర్లను తగ్గించింది. తరువాత పెద్ద సంఖ్యలో పెంచబోతే, సర్వర్లను సిద్ధం చేసే అంతర్గత సేవే ఒకేసారి తెరవగల ఫైళ్ల పరిమితిని, అమెజాన్ కోటాను (ఒక ఖాతాకు ఇచ్చే హద్దును) తాకి చతికిలబడింది.

కాబట్టి గిరాకీని, రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే, సర్వర్లను చేరకముందే కొలవండి. 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు), 503 (సేవ అందుబాటులో లేదు) జవాబులతో తిప్పిపంపినవీ, టైమౌట్ అయినవీ, క్యూలో నిలిచినవీ ఆ లెక్కలోకి రావాలి. అయితే తిప్పిపంపిన ప్రతి రిక్వెస్టూ మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, ముడి సంఖ్యను అలాగే నమ్మితే రెండో వైపు పొరపాటు జరుగుతుంది. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ టికెట్ల ముందస్తు అమ్మకం నాడు తమకు 350 కోట్ల రిక్వెస్టులు వచ్చాయని టికెట్‌మాస్టర్ చెప్పింది. అందులో బాట్లు (మనుషులకు బదులు నడిచే ప్రోగ్రాములు) పంపినవీ ఉన్నాయి. రిక్వెస్టులకు బదులు వేర్వేరు సెషన్లను (ఒక్కో వాడుకరి సందర్శనను) లెక్కించడం మేలు. సర్వర్లు నిండిన నిమిషాలను "కనీసం ఇంత" అని గుర్తించాలి. సేవ ఆగిన గంటలను ఖాళీగా వదలాలి; సున్నా వేయకూడదు.

క్యాలెండర్

క్లౌడ్ సంస్థలు (సర్వర్లను అద్దెకిచ్చేవి) ఇచ్చే సిద్ధ అంచనా సాధనాలకు పండుగ తెలియదు. అమెజాన్ ప్రిడిక్టివ్ స్కేలింగ్ గరిష్ఠంగా 14 రోజుల చరిత్రను చూస్తుంది. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌కు కనీసం 7 రోజులు కావాలి, 15 ఉంటే మంచిది. గూగుల్ మూడు వారాల వరకు చూస్తుంది. వీటిలో దేనికీ నిరుటి దసరా కనబడదు. సొంత మోడల్‌లో 365 రోజుల వెనకటి విలువను పెట్టుకున్నవారు కూడా నిశ్చింతగా ఉండకూడదు. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో విజయదశమి అక్టోబరు 2 నుంచి 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి జరిగాయి. తేదీలతో పని జరగదు. పండుగకు ముందు ఎన్నో రోజు, తరువాత ఎన్నో రోజు అనే కాలమ్‌లు ఉండాలి. సంక్రాంతికి ఈ బెడద లేదు. అమ్మకం ఎప్పుడు తెరుస్తారో, నోటిఫికేషన్ ఏ నిమిషంలో పంపుతారో మార్కెటింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మిగిలినవి. సగటు దోషాన్ని చూసి మోడల్‌ను ఎంచుకోవద్దు. ఎక్కువ అంచనా వేస్తే అద్దె పెరుగుతుంది, తక్కువ వేస్తే అమ్మకమే ఆగుతుంది, ఈ రెండూ సమానం కావు కనుక 95 లేదా 99వ క్వాంటైల్‌ను (నూటికి 95 లేదా 99 సార్లు అసలు లోడ్ దాటని హద్దును) అంచనా వేయించండి. గంట సగటులతో శిక్షణ ఇవ్వవద్దు, తొలి రెండు నిమిషాల తాకిడి అందులో కరిగిపోతుంది. శిక్షణకు, పరీక్షకు డేటాను కలగలిపి విడదీయవద్దు. పాత నెలలతో నేర్పి, తరువాతి నెలలతో పరీక్షించండి. అమ్మకం వారంలో కొత్త మోడల్‌ను దింపవద్దు. దింపక తప్పకపోతే ముందు అంచనాలు మాత్రమే ఇచ్చే పద్ధతిలో నడపండి. సర్వర్లను తగ్గించే అధికారం పండుగ ముగిసేదాకా మోడల్‌కు ఇవ్వవద్దు. అప్పటికప్పుడు స్పందించే పాత ఆటోస్కేలింగ్ నియమాలను తీసేయవద్దు. సర్వర్ల గ్రూపు గరిష్ఠ పరిమితి అంచనా కన్నా తక్కువ ఉందేమో చూడండి. కోటాను ఇప్పుడే పెంచమని క్లౌడ్ సంస్థను అడగండి. వెబ్ సర్వర్లు రెట్టింపైతే డేటాబేస్ కనెక్షన్లు ఎన్నవుతాయో లెక్క వేయండి. మొత్తం సైట్‌కు ఒకే అంచనా వద్దు, లాగిన్‌కు, కొనుగోలు బండికి (కార్ట్‌కు), చెల్లింపులకు వేర్వేరుగా వేయండి. మళ్లీ చెబుతున్నాను, అందించినది వేరు, అడిగినది వేరు. మీ శిక్షణ పట్టికలో ఏది ఉందో పట్టిక తెరిచి మీ కళ్లతో చూడండి. నిల్వ ఖర్చు తగ్గించేందుకు తిరస్కరించిన రిక్వెస్టుల లాగ్‌లను 30 రోజులకే తుడిచేసే అమరిక ఎక్కడైనా ఉంటే, దానిని ఈ వారమే ఆపించండి.