పెరట్లో పిల్లలకు చెట్టు మంచె: ఎలా కట్టాలి?

చెట్టు మీద ఇల్లు అనగానే కొమ్మల మధ్య తలుపులు, కిటికీలతో ఓ బొమ్మరిల్లు కళ్లముందు కదులుతుంది. అది నిలవాలంటే ఊడలు దిగిన మర్రి అంత చెట్టు కావాలి. మన పెరళ్లలో ఉండేవి మామిడి, వేప, జామ, సపోటా. వాటికి మేకులు కొట్టి ఇల్లు వేలాడదీస్తే చెట్టుకూ చేటు, పిల్లలకూ చేటు. అంతకన్నా జొన్నచేల కాపలాకు మన రైతులు వేసుకునే మంచె నయం. నాలుగు గుంజలు, పైన కూర్చోవడానికి చెక్కల తట్టు. బరువు నేల మోస్తుంది, నీడ చెట్టు ఇస్తుంది.

చెట్టుకు కట్టొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చెట్టు ఏటా లావెక్కుతుంది. బిగించి చుట్టిన తాడు, ఇనుప తీగ బెరడులోకి దిగి, ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి పారే దారిని తెంచేస్తాయి. పైగా గాలికి ఒక్కో కొమ్మ ఒక్కోలా ఊగుతుంది. రెండు కొమ్మలకు కలిపి బిగించిన దూలం ఏదో ఒక గాలివానకు మేకులతో సహా ఊడి వస్తుంది.

ఏ చెట్టు పక్కన?

వేప అన్నిటికన్నా మేలు. మామిడీ బాగుంటుంది కానీ ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉన్నాయేమో ముందు చూసుకోవాలి. కాయల కాలంలో సొన పడితే పిల్లల చర్మం పొక్కుతుంది. చింత గట్టి చెట్టే. ఇంట్లో పెద్దవాళ్లు దయ్యాల మాట ఎత్తితే ఏం చెబుతారో మీ ఇష్టం, పిల్లలకైతే సగం సరదా ఆ మాటలోనే ఉంది. మునగ మాత్రం వద్దు. కొమ్మ పుటుక్కున విరుగుతుంది, వానాకాలంలో బొంతపురుగులు కాండం నిండా పాకుతాయి. కొబ్బరిచెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఎండుకొమ్మలు ఉంటే పని మొదలుపెట్టకముందే కొట్టించండి. తేనెపట్టు, కాండానికి తొర్ర ఉన్నాయేమో చూడండి. చెట్టు మీదుగా గానీ పక్కగా గానీ కరెంటు తీగలు వెళ్తుంటే ఆ చోటును మరిచిపోవడమే. ఆ తర్వాత నేల చూడాలి. మంచె చుట్టూ ఆరడుగుల వరకు బట్టలుతికే బండ, రుబ్బురోలు, తులసికోట, నూతి గట్టు ఏదీ ఉండకూడదు. పడితే పిల్లవాడు మట్టి మీద పడాలి, రాయి మీద కాదు.

కొలతలు, గుంజలు

ఇద్దరు ముగ్గురు పిల్లలకు 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు చాలు. ఎత్తు కూడా 5 అడుగులు దాటనివ్వకండి. పిల్లలకు కావలసింది ఎత్తు కాదు, పెద్దల కంట పడని చోటు.

గుంజలకు 13 అడుగుల సరుగుడు బాదులు తీసుకోండి, మొదలు దగ్గర 4 అంగుళాలకు తగ్గకుండా. రెండున్నర అడుగులు భూమిలోకి, ఐదడుగులు తట్టు వరకు, మిగిలింది తట్టు చుట్టూ కంచెకూ, కప్పుకూ. సరుగుడు చవక, కానీ భూమిలో ఉన్న భాగాన్ని చెద వదలదు. ఎక్కువ ఏళ్లు నిలవాలంటే గుంజల వరకు జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు) వేయించి, పైపని చెక్కతో చేయించండి.

గుంతలు తవ్వేటప్పుడు బొటనవేలి కన్నా లావు వేరు తగిలితే నరకవద్దు, గుంతనే జరపండి. అడుగున గుప్పెడు లోతు కంకర పోసి, గుంజ నిలిపి, 1:2:4 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి పోయండి. పైభాగం గుంజ నుంచి బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీరు గుంజ మొదట్లో నిలిచి కుళ్లబెడుతుంది. వారం రోజులు నీళ్లు పట్టండి, ఆలోగా పైపని వద్దు.

తట్టు

రెండు పక్కల గుంజలకు అడ్డంగా 4×2 అంగుళాల దూలాలు బిగించాలి. ఇక్కడ మేకులు పనికిరావు. గుంజకు గాడి తీసి, దూలాన్ని అందులో కూర్చోబెట్టి, 12 ఎంఎం బోల్టు ఆరపార పంపి, రెండు వైపులా వాషర్లు వేయండి. పైపు గుంజలైతే గాడి బదులు దూలం కింద వెల్డింగ్ చేసిన ఇనుప పట్టీ ఉండాలి. నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో తాపీమేస్త్రీలు వాడే లెవల్ పైపుతో చూసుకోండి. దూలాల మీద అడుగుంపావుకు ఒకటి చొప్పున 3×2 అడ్డకర్రలు, వాటి మీద అంగుళం మందం చెక్కలు. చెక్కకూ చెక్కకూ మధ్య పావు అంగుళం సందు ఉంటే వాన నీరు జారిపోతుంది. చెట్టు కాండానికీ తట్టుకూ మధ్య బెత్తెడు ఎడం వదలండి. స్లాబు పోతకు వాడిన సెంట్రింగ్ చెక్కలు చవకగా దొరుకుతాయి, కానీ పాత మేకులన్నీ పీకి, అరచేత్తో తడిమి చూశాకే వాడండి.

చాలా మంచెలు ఊగేది ఏటవాలు కర్రలు లేకపోవడం వల్లే. నాలుగు కర్రల చట్రాన్ని పక్కనుంచి తోస్తే ఒరిగిపోతుంది, మూడు కర్రలదైతే కదలదు. అందుకే మూడు పక్కల ఒక గుంజ అడుగు నుంచి పక్క గుంజ పైభాగానికి ఏటవాలుగా కర్రలు వేసి బోల్టులతో బిగించాలి. నిచ్చెన ఉన్న పక్క దారి కోసం వదిలి, పై మూలల్లో పొట్టి ఏటవాలు కర్రలు వేస్తే సరిపోతుంది. వడ్రంగి "ఇది గట్టిగానే ఉంది, అక్కర్లేదండీ" అంటాడు. వినకండి.

కంచె, నిచ్చెన

కంచె ఎత్తు 3 అడుగులు, కర్రలు నిలువుగా. అడ్డంగా వేస్తే పిల్లలకు అదే నిచ్చెన అవుతుంది. కర్రల మధ్య సందు మూడున్నర అంగుళాలు మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే చిన్న పిల్లల కాళ్లు, నడుము జారిపోయి తల ఇరుక్కుంటుంది. కొబ్బరితాడు కట్టిన వెదురు నిచ్చెన చూడ్డానికి బాగుంటుంది కానీ కట్లు వదులవుతాయి. మెట్లు బోల్టులతో బిగించిన చెక్క నిచ్చెనే వేయండి, మెట్టుకూ మెట్టుకూ 10 అంగుళాలు. అది తీసి పక్కన పెట్టేలా ఉంటే పెద్దవాళ్లు లేనప్పుడు బుడిపిల్లలు ఎక్కరు. మంచెకు ఉయ్యాల కట్టొద్దు, తాళ్లు వేలాడనివ్వొద్దు. మెడలో చున్నీ, తువ్వాలు ఉంటే తీసి ఎక్కమనండి. మంచె కింద, చుట్టూ ముప్పావు అడుగు మందాన ఇసుక పోయండి.

కప్పుకు తాటాకులో, టార్పాలినో చాలు. రేకులు వద్దు, ఎండకు కాలతాయి, గాలికి లేస్తాయి.

పిల్లలకన్నా ముందు ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కి, అటూ ఇటూ ఊగి చూడాలి. కిర్రుమంటే దిగి బోల్టులు బిగించండి. ఎండలకు చెక్క కుంచించుకుపోతుంది కాబట్టి తొలకరికి ముందు మళ్లీ ఒకసారి బిగించాలి. అదే రోజు గుంజల మొదళ్లలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. మెత్తగా దిగినా, చెదమట్టి చారలు కనిపించినా ఆ గుంజ మార్చేవరకు నిచ్చెన తీసేయండి. ఉరుము వినబడగానే పిల్లలను దించి ఇంట్లోకి పిలవండి. కోస్తాలో ఉన్నవాళ్లు తుపాను హెచ్చరిక రాగానే టార్పాలిన్ విప్పి లోపల పెట్టుకోవాలి.